ఏడేళ్లు ఇంటెల్ వాడి రైజెన్‌కి మారాను: పాత పద్ధతిలో ఓవర్‌క్లాక్ చేస్తే స్కోరు తగ్గుతోందేంటి?

పాతకాపు_8600కే | శుక్రవారం, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాడినే, రాయడం ఇదే మొదలు.

ఏడేళ్లు ఇంటెల్ 8600కే ప్రాసెసర్ వాడాను. దాని మూత తీసి, లోపలి పేస్టు మార్చి, మల్టిప్లయర్ (వంద మెగాహెర్ట్జ్‌ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 50, వోల్టేజీ 1.32 పెట్టి, కంపెనీ చెప్పిన స్పీడు దాటించి, అంటే ఓవర్‌క్లాక్ చేసి, 5 గిగాహెర్ట్జ్ దగ్గర కట్టేశాను. అది కుదిరాక బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) మొహం మళ్లీ చూడలేదు. పోయిన వారం ఏఎండీ రైజెన్ 7 7700ఎక్స్‌కి మారాను. బోర్డు బీ650, కూలర్ రెండు ఫ్యాన్ల ఎయిర్ కూలర్, ర్యామ్ డీడీఆర్5 6000, రెండు స్టిక్కులు. ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని డబ్బా మీది స్పీడుకి తెచ్చే సెట్టింగు) ఇంకా ఆన్ కాలేదు, ఆ ఏడుపు వేరే ఉంది, తర్వాత చెప్తాను.

అలవాటు ప్రకారం అన్ని కోర్లకూ 54 కొట్టి, వోల్టేజీ 1.30 ఫిక్స్ చేశాను. ప్రాసెసర్‌ని పిండి స్కోరిచ్చే సినీబెంచ్ పరీక్ష మొదలెట్టిన పది సెకన్లకే 95 డిగ్రీలు, అర నిమిషానికి రీస్టార్ట్. 53కి దించితే పూర్తయింది. ఆ పరీక్ష ఆర్23 వెర్షన్‌లో మల్టీ స్కోరు (అన్ని కోర్లూ కలిసి) ఏమీ మార్చనప్పటి 19,600 నుంచి 20,100 అయింది. సింగిల్ (ఒక్క కోర్) మాత్రం 1,980 నుంచి 1,910కి పడింది! ఇంత వేడి తెప్పించి సాధించిందేంటంటే ఒకచోట రెండున్నర శాతం లాభం, ఇంకోచోట మూడున్నర శాతం నష్టం.

నేనేం తప్పు చేస్తున్నాను?

వోల్టేజీ_వీరుడు | శుక్రవారం, రాత్రి 10:21

1.30 ఏం సరిపోతుంది బ్రో. 1.40 పెట్టి 55 కొట్టు. ఎయిర్ కూలర్ తీసి పక్కనపెట్టు, లిక్విడ్‌కి పో.

నిశ్శబ్ద_ఫ్యాన్ | శుక్రవారం, రాత్రి 10:58

వీరుడూ, ఎనిమిది కోర్ల మీద 1.40 ఫిక్స్ చేసి నువ్వు నీ చిప్పు మీద చెయ్యి, పక్కవాళ్లకి చెప్పకు.

పాతకాపు గారూ, మీరు చేసిన దాంట్లో తప్పు లేదు. పాత ఎడ్లకి అలవాటైన అదిలింపు కొత్త ఎడ్లకి అర్థం కావట్లేదు, అంతే.

మీ 8600కే డబ్బా మీద 4.3 అని రాసుంది. అది 5.0 దాకా పోయింది. అంటే కంపెనీవాళ్లు 700 మెగాహెర్ట్జ్ మీకోసం వదిలేశారు. 7700ఎక్స్ డబ్బా మీద 5.4 ఉంది. ఒక్క కోరే పనిచేస్తుంటే మీకేమీ చెప్పకుండా 5.5 దాకా కూడా పోతుంది. మిగిల్చింది ఏమీ లేదు, ఉన్నదంతా అదే వాడేసుకుంటోంది. సెకనులో ఎన్నోసార్లు వేడి, కరెంటు, పవర్ చూసుకుని ఏ కోర్ ఎంత పరిగెత్తాలో అదే లెక్క వేసుకుంటుంది. దానికున్న హద్దులు నాలుగు: పీపీటీ (మొత్తం పవర్) 142 వాట్లు, టీడీసీ (నిలకడగా లాగే కరెంటు) 110 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలం లాగే కరెంటు) 170 ఆంపియర్లు, ఉష్ణోగ్రత 95.

మీరు మల్టిప్లయర్ ఫిక్స్ చేయగానే ఈ లెక్కంతా ఆగిపోతుంది. 5.5 పోగలిగిన కోర్‌ని 5.3కి గుంజకి కట్టేశారు. సింగిల్ స్కోరు అందుకే పడింది.

ముందు అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చేయండి. తర్వాత బయోస్‌లో పీబీవో (ఏఎండీ సొంత బూస్ట్ సెట్టింగు) తెరిచి, కర్వ్ ఆప్టిమైజర్‌లో (కోర్ల వోల్టేజీ సర్దే చోటు) అన్ని కోర్లకీ నెగెటివ్ 15 పెట్టండి. మల్టిప్లయర్, వోల్టేజీ రెండూ ఆటోలోనే వదిలేయండి. ఒక్కో అంకెకీ సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే జాగా దొరుకుతుంది, ఆ జాగాలోకి క్లాక్‌ని అదే పెంచుకుంటుంది.

పాతకాపు_8600కే | శుక్రవారం, రాత్రి 11:20

ఒక్క నిమిషం అన్నా. స్పీడు పెరగాలంటే వోల్టేజీ *తగ్గించాలా*? ఏడేళ్లుగా నేను నేర్చుకుంది దీనికి సరిగ్గా తలకిందులు.

నిశ్శబ్ద_ఫ్యాన్ | శుక్రవారం, రాత్రి 11:24

అన్నా కాదు, అక్కా.

అవును, తగ్గించాలి. తయారైన ప్రతి చిప్పూ, అందులో బలహీనమైనది కూడా నిలబడాలని ఫ్యాక్టరీలో వోల్టేజీ కాస్త ఎక్కువే ఇస్తారు. మీ చిప్పుకి ఎంత ఎక్కువిచ్చారో కనిపెట్టడమే ఇక్కడి పని.

బయోస్_బాబాయ్ | శనివారం, ఉదయం 6:40

పొద్దున్నే ఇది చదివి నవ్వొచ్చింది. దీన్ని ఓవర్‌క్లాక్ అంటారా ఇప్పుడు? 1998లో సెలెరాన్ 300ఏ అని ఒకటొచ్చింది. బస్ 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450 అయ్యేది. సగానికి సగం! బేసిక్ కూలర్ మీదే. తర్వాత ఏఎండీ డ్యూరాన్, థండర్‌బర్డ్ రోజుల్లో చిప్పు మీది ఎల్1 గీతల్ని మామూలు పెన్సిల్‌తో కలిపితే మల్టిప్లయర్ తాళం ఊడేది. పెన్సిల్! నేను చేశాను, రెండుసార్లు గీత పక్కకి పోయింది, రబ్బరుతో చెరిపి మళ్లీ గీశాను.

ఇప్పుడు మీరంతా మైనస్ 15, మైనస్ 20 అని వడ్డీ లెక్కలు వేసుకుంటున్నారు. కానివ్వండి. పాతకాపూ, అక్క చెప్పినట్టే చెయ్యి, ఆవిడ చెప్పింది కరెక్టే. నాకు నచ్చకపోవడం వేరే సంగతి.

పాతకాపు_8600కే | శనివారం, మధ్యాహ్నం 1:05

అక్కా, క్షమించాలి. డిఫాల్ట్ చేశాను. నా బయోస్‌లో పీబీవో రెండు చోట్ల ఉంది. ఒకటి బోర్డువాళ్ల ఓవర్‌క్లాక్ పేజీలో. ఇంకొకటి అడ్వాన్స్‌డ్ లోపల, ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అనే మెనూలో, ముందు ఒక హెచ్చరిక వస్తుంది, ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. ఏది నిజం?

నిశ్శబ్ద_ఫ్యాన్ | శనివారం, మధ్యాహ్నం 1:30

ఏదో ఒక్కచోటే మార్చండి, రెండోది ఆటోలో ఉంచండి. రెండు చోట్లా వేర్వేరు అంకెలు పెడితే ఏది గెలుస్తుందో బోర్డుని బట్టి ఉంటుంది. నేనైతే ఏఎండీ మెనూలోనే చేస్తాను. ఆ హెచ్చరిక కూడా ఒకసారి చదవండి. పీబీవో ఆన్ చేయడం కూడా వారంటీ పరిధి దాటడమే అని అందులో రాసుంటుంది.

స్కేలర్ జోలికి పోకండి. బూస్ట్ ఓవర్‌రైడ్ (గరిష్ఠ క్లాక్‌కి అదనంగా కలిపే మెగాహెర్ట్జ్) సున్నా.

పాతకాపు_8600కే | శనివారం, సాయంత్రం 6:12

మైనస్ 15 పెట్టాను, బాగానే ఉంది. ఆశ ఆగక మైనస్ 30 కొట్టేశాను. మల్టీ 20,450, సింగిల్ 2,000! సినీబెంచ్ అరగంట తిప్పాను, చుక్క తేడా లేదు. నా చిప్పు రాత బాగున్నట్టుంది.

ఒక్కటే అర్థం కాలేదు. వోల్టేజీ ఇంత తగ్గించినా ఉష్ణోగ్రత ఇంకా 95 దగ్గరే ఉంది. కూలర్ సరిగ్గా కూర్చోలేదా? పాతది 5 గిగాహెర్ట్జ్ మీద కూడా 75 దాటేది కాదు.

లెక్కల_మాస్టారు | శనివారం, రాత్రి 8:47

కూలర్‌ని అనుమానించకు నాయనా. ముందు విస్తీర్ణం చూడు. నీ పాత ఆరు కోర్ల చిప్పు దాదాపు 150 చదరపు మిల్లీమీటర్లు. 7700ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ ఉన్న చిప్లెట్ (చిన్న చిప్పు ముక్క) 71 మాత్రమే. మిగతా చిప్పు ఇన్‌పుట్ అవుట్‌పుట్ పనులది, దాని వేడి తక్కువ. అంటే సగం కన్నా తక్కువ జాగాలోంచి ఇంచుమించు అంతే వేడి బయటికి రావాలి. చిన్న మూకుడు కింద పెద్ద పొయ్యి పెట్టినట్టు. కూలర్ ఎంత పెద్దదైనా ఆ ఇరుకు దారి దాటి వచ్చిన వేడినే లాగగలదు.

దానికి తోడు పైమూత మందం. పాత ఏఎం4 సాకెట్ కూలర్లు కొత్త ఏఎం5కి కూడా పట్టాలని సాకెట్ ఎత్తు మార్చలేదు, ఆ ఎత్తు నింపడానికి మూతని మందంగా చేశారు. మూత కింద టంకమే ఉంది, నీ పాతదానిలా పేస్టు కాదు, కాబట్టి మూత తీసే ఆలోచన మానుకో.

ఇక 95 ఎందుకు తగ్గలేదంటావా. ఈ తరంలో 95 అనేది ప్రమాద ఘంటిక కాదు, అది చేరాల్సిన గమ్యం. వోల్టేజీ తగ్గించి నువ్విచ్చిన జాగాని చల్లదనంగా దాచుకోకుండా క్లాక్‌గా ఖర్చు పెట్టేసింది. స్కోరు 850 పెరిగింది కదా, నీ చల్లదనం అక్కడికి పోయింది. నీకు చల్లదనమే కావాలంటే అది విడిగా అడగాలి: పీపీటీ తగ్గించు, లేదా థర్మల్ లిమిట్ 85 పెట్టు.

వోల్టేజీ_వీరుడు | శనివారం, రాత్రి 9:15

నాది 5600ఎక్స్. కర్వ్ మైనస్ 30, బూస్ట్ ఓవర్‌రైడ్ ప్లస్ 200. స్క్రీన్ మీద 4.85 గిగాహెర్ట్జ్ చూపిస్తోంది, డబ్బా మీద 4.6 మాత్రమే. ఫిక్స్‌డ్ వద్దన్నారుగా, ఇదిగో మీ పద్ధతిలోనే కొట్టా. నో క్రాష్.

లెక్కల_మాస్టారు | శనివారం, రాత్రి 9:22

స్కోరు ఎంత?

వోల్టేజీ_వీరుడు | శనివారం, రాత్రి 9:40

...తగ్గింది. ప్లస్ 200 పెట్టకముందు కన్నా తగ్గింది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో నడుస్తున్నట్టుంది.

నిశ్శబ్ద_ఫ్యాన్ | శనివారం, రాత్రి 9:51

ఏదీ నడవట్లేదు. ప్రాసెసర్ అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో కిందికి పోతే 'ఎఫెక్టివ్ క్లాక్' అని వేరే వరుస ఉంటుంది. సింగిల్ టెస్టు నడుస్తున్నప్పుడు ఆ కోర్‌కి అది చూడు. పైన 4.85 అనీ, అక్కడ 4.6 అనీ ఉంటే దాన్ని క్లాక్ స్ట్రెచింగ్ అంటారు. వోల్టేజీ చాలక పడిపోయే బదులు చిప్పు తన గడియారాన్ని తనే సాగదీసుకుంటుంది. స్క్రీన్ మీద అంకె అదే, అడుగులు మాత్రం పొట్టివి.

ఇంటెల్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే. అక్కడ అంకె పెరిగితే స్పీడు పెరిగినట్టే, తేడా వస్తే బ్లూ స్క్రీన్. ఇక్కడ మధ్యలో ఇంకో స్థితి ఉంది, పడదు, పరిగెత్తదు. అందుకే ప్రతి మార్పుకీ స్కోరు రాసుకోండి, అంకెని నమ్మొద్దు.

వోల్టేజీ_వీరుడు | శనివారం, రాత్రి 10:33

4.58. సరే అక్కా. ప్లస్ 200 తీసేశా.

ఆరో_కోర్ | ఆదివారం, ఉదయం 9:02

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాది 5800ఎక్స్3డీ. బయోస్‌లో మల్టిప్లయర్ మార్చినా ఏమీ జరగట్లేదు. రైజెన్‌లన్నీ అన్‌లాక్డ్ అని విన్నానే?

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 9:30

తొలి ఎక్స్3డీలు తప్ప మిగతా డెస్క్‌టాప్ రైజెన్‌లు అన్‌లాక్డ్, అంటే మల్టిప్లయర్ మార్చుకోవచ్చు. 2022లో వచ్చిన నీ చిప్పులో కోర్లున్న చిప్లెట్ మీద ఇంకో 64 మెగాబైట్ల కాష్ (కోర్లకి దగ్గరగా ఉండే వేగమైన మెమరీ) పొర అతికించారు, మొత్తం ఎల్3 అలా 96 అయింది. ఆ పొర ఎక్కువ వోల్టేజీ తట్టుకోలేదు, పైగా కింది వేడికి దుప్పటిలా అడ్డం. అందుకే తాళం. 7800ఎక్స్3డీలోనూ మల్టిప్లయర్‌కి తాళమే, కర్వ్ ఆప్టిమైజర్ మాత్రం వాడుకోవచ్చు. 2024లో వచ్చిన 9800ఎక్స్3డీలో కాష్‌ని కోర్ల కిందికి మార్చారు, తాళం తీసేశారు.

నీ బోర్డు బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ కనిపిస్తే నెగెటివ్ పెట్టుకో. లేకపోతే వదిలేసి ఆడుకో. నీ ఆటల స్పీడు ఆ కాష్ వల్ల వస్తోంది, క్లాక్ వల్ల కాదు.

పాతకాపు_8600కే | సోమవారం, ఉదయం 7:10

చిప్పు రాత బాగుందన్నాను కదా, నోటికి తాళం వేసుకోవాల్సింది.

నిన్న రాత్రి ఆటలు ఆడాను, వీడియో ఎన్‌కోడ్ చేశాను, ఏమీ కాలేదు. పడుకునే ముందు అలా వదిలేశాను. పొద్దున లేచి చూస్తే లాగిన్ స్క్రీన్ మీద కూర్చునుంది. రాత్రి 3 గంటలకి దానంతట అదే రీస్టార్ట్ అయింది. ఇందాక ఊరికే మెయిల్ చదువుతుంటే మళ్లీ. ఎనిమిది కోర్లనీ అరగంట పిండినా చలించనిది, ఏ పనీ చెప్పనప్పుడు పడిపోవడమేంటి?

బయోస్_బాబాయ్ | సోమవారం, ఉదయం 7:25

మా కాలంలో పని చెప్తే పడేవి. ఇప్పటివి పని చెప్పకపోతే పడుతున్నాయి. మనుషుల్లాగే.

నిశ్శబ్ద_ఫ్యాన్ | సోమవారం, ఉదయం 8:05

ఇది వస్తుందని ముందే చెప్పాల్సింది, నా పొరపాటు.

సినీబెంచ్ మల్టీ నడిచేటప్పుడు కోర్లన్నీ 5.2 చుట్టూ ఉంటాయి. అక్కడ మైనస్ 30 సుఖంగా సరిపోతుంది. మీరు మెయిల్ తెరిచినప్పుడు ఒక్క కోర్ అర క్షణం 5.5కి ఎగిరి దిగుతుంది. అసలు వోల్టేజీ కరువు అక్కడ, ఆ ఎగిరే క్షణంలో. బరువు పరీక్షలు దాన్ని పట్టుకోలేవు, ఎందుకంటే బరువు ఉన్నంతసేపూ కోర్ అంత ఎత్తుకి ఎగరదు.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (తప్పులు నమోదయ్యే చోటు) వియా-లాగర్ (WHEA-Logger), ఈవెంట్ 18 వెతకండి. ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు కాబట్టి దాన్ని రెండుతో భాగిస్తే మీ చిప్పులో కోర్ నంబరు వస్తుంది.

పాతకాపు_8600కే | సోమవారం, ఉదయం 8:31

ఉంది! రెండుసార్లూ ఐడీ 4. అంటే కోర్ 2. దాన్ని మైనస్ 15కి తెచ్చాను. మిగతావి 30లోనే.

పాతకాపు_8600కే | సోమవారం, రాత్రి 11:48

మళ్లీ పడింది. మళ్లీ ఐడీ 4. దాన్ని ఏకంగా మైనస్ 5కి దించాను, అయినా పడింది. ఇక చిప్పే పాడైందా?

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:15

బయోస్‌లో ఏ వరుసలో మార్చావు? ఫొటో పెట్టు.

పాతకాపు_8600కే | మంగళవారం, ఉదయం 6:50

ఫొటో తీయబోతుంటే నాకే తెలిసింది, సిగ్గుగా ఉంది. బయోస్‌లో వరుస కోర్ 0 నుంచి మొదలవుతోంది. విండోస్‌లో నేను చూస్తున్న ఉపకరణం 1 నుంచి లెక్కపెడుతోంది. దాన్ని చూసి బయోస్‌లో *రెండో వరుస* మార్చాను. అంటే పాపం ఏ తప్పూ చేయని కోర్ 1కి మందు పోసి, జబ్బున్న కోర్ 2ని అలాగే వదిలేశాను.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:58

ముప్ఫై ఏళ్లుగా పిల్లలకి చెప్తున్నాను, లెక్క ఎక్కడ మొదలైందో ముందు చూడండి అని.

నిశ్శబ్ద_ఫ్యాన్ | మంగళవారం, ఉదయం 9:10

అందరం చేసినదే. ఇంకో సంగతి, ఆ కోర్ 2 మీ చిప్పులో ఉత్తమమైన రెండు కోర్లలో ఒకటి అయ్యుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ర్యాంకు చూడండి.

పాతకాపు_8600కే | మంగళవారం, ఉదయం 9:34

మొదటి ర్యాంకు. రెండోది కోర్ 5. మంచి కోరే ముందు పడటమేంటి?

నిశ్శబ్ద_ఫ్యాన్ | మంగళవారం, ఉదయం 10:20

మంచి కోర్‌కి ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ రాసి పంపారు. దాని దగ్గర కోతకి మిగిలింది తక్కువ. మామూలు కోర్లకి ఎక్కువిచ్చారు, వాటిని ఎంత కోసినా తట్టుకుంటాయి. పైగా విండోస్ చిన్న పనులన్నీ ఆ మంచి కోర్లకే ఇస్తుంది, కాబట్టి ఎక్కువసార్లు ఎగిరేదీ అవే.

ఇప్పుడు కోర్‌సైక్లర్ దించుకోండి. ఒక్కో కోర్‌కి వంతులవారీగా ఒంటరిగా పని ఇస్తుంది, ఏ కోర్ తప్పు లెక్క చెప్పిందో లాగ్‌లో రాస్తుంది. తేలికైన ఎస్ఎస్ఈ లెక్కల మోడ్‌లో నడపండి. ఏవీఎక్స్ అయితే బరువెక్కి క్లాక్ దిగిపోతుంది, మనకి కావలసింది పైకి ఎగరడం. రాత్రంతా వదిలేయండి. తప్పు చెప్పిన కోర్‌కి మూడేసి అంకెలు వెనక్కి ఇచ్చుకుంటూ రండి. ఓపిక పని, రెండు మూడు రాత్రులు పడుతుంది.

అది పాసయ్యాక కూడా ఒక వారం మామూలుగా వాడండి. నేను ఏ పరీక్షనీ అంతకన్నా నమ్మను.

బయోస్_బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:00

కూలర్ ఊడదీసే పని పడితే ఒక మాట, ఇది వీరుడికి. నీ 5600ఎక్స్‌కి సూదులు చిప్పుకే ఉంటాయి. కూలర్‌ని నిలువుగా లాగితే పేస్టుకి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడొచ్చేస్తుంది. కాసేపు లోడ్ పెట్టి వేడి చేసి, మెల్లగా అటూ ఇటూ తిప్పి తియ్యి. పాతకాపుది ఏఎం5 కాబట్టి భయం లేదు, 1718 సూదులూ సాకెట్‌లోనే ఉంటాయి, చిప్పుని గడియ బిగించి పట్టుకుంటుంది.

నాకెలా తెలుసని అడక్కండి. బ్లేడుతో పదకొండు సూదులు నిలబెట్టాను.

పాతకాపు_8600కే | శుక్రవారం, రాత్రి 9:05

మూడు రాత్రుల ఫలితం. కోర్ 2 మైనస్ 8 దగ్గర నిలబడింది. కోర్ 5 మైనస్ 14. మిగతా ఆరూ 25 దగ్గర కిక్కురుమనలేదు, 30 కూడా పోతాయేమో గానీ ఇక ఆశ చంపుకున్నాను. మూడు రోజులుగా ఒక్క రీస్టార్ట్ లేదు.

మాస్టారు చెప్పినట్టు పీపీటీ 142 నుంచి 120కి తగ్గించాను. మల్టీ 20,150, సింగిల్ 2,005, ఉష్ణోగ్రత 84. మొదటిరోజు ఫిక్స్‌డ్‌లో 95 డిగ్రీల మీద నాకొచ్చింది 20,100. ఫ్యాన్ల చప్పుడు సగమైంది. దాన్నే 88 వాట్లకి, అంటే 65 వాట్ల ఎకో మోడ్‌లో ఉండే హద్దుకి దించి కూడా చూశాను, 18,900 వచ్చింది. ఎండ ఎక్కువున్న రోజులకి దాన్ని వేరే ప్రొఫైల్‌గా దాచుకున్నాను.

ఇప్పుడు ఆ ఎక్స్‌పో ఏడుపు. ప్రాసెసర్ పెట్టిన మొదటిరోజే ఆన్ చేశాను. స్క్రీన్ నల్లగా అయిపోయింది. నిమిషం చూశాను, పవర్ తీసేశాను, సీమాస్ క్లియర్ చేశాను (బయోస్ సెట్టింగులు చెరిపేశాను). మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ నలుపు. మూడుసార్లు. ర్యామ్ 4800 మీదే వదిలేశాను. స్టిక్కులు పోయాయంటారా?

నిశ్శబ్ద_ఫ్యాన్ | శుక్రవారం, రాత్రి 9:40

స్టిక్కులు పోలేదు, మీ ఓపిక పోయింది. ఏఎం5లో ర్యామ్ స్పీడు మార్చిన తర్వాత మొదటి బూట్‌లో మెమరీ ట్రెయినింగ్ (కొత్త స్పీడుకి ర్యామ్‌ని సర్దుకోవడం) జరుగుతుంది. నల్లటి స్క్రీన్‌తో చాలా నిమిషాలు పట్టొచ్చు. మీరు ప్రతిసారీ నిమిషానికే పీక నొక్కారు.

ఆన్ చేసేముందు ఇప్పుడున్న కర్వ్ అంకెలన్నీ కాగితం మీద రాసుకోండి. సీమాస్ క్లియర్ చేయాల్సొస్తే అవన్నీ పోతాయి. ప్రొఫైల్ దాచానని ధైర్యపడకండి, బయోస్ అప్‌డేట్ చేస్తే చాలా బోర్డుల్లో అదీ పనికిరాదు.

తర్వాత కర్వ్ మొత్తం తీసేసి, ఎక్స్‌పో ఒక్కటే ఆన్ చేసి, ర్యామ్‌ని విడిగా పరీక్షించండి. అది పాసయ్యాకే కర్వ్ తిరిగి పెట్టండి. రెండూ ఒకేసారి మారిస్తే పడినప్పుడు ఎవరిని తిట్టాలో తెలియదు.

లెక్కల_మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:02

బూట్ అయ్యాక మూడు అంకెలు చూడు. మెమరీ క్లాక్ 3000 (6000లో సగం), కంట్రోలర్ క్లాక్ 3000, ఎఫ్‌క్లాక్ (చిప్లెట్లని కలిపే దారి స్పీడు) 2000. మొదటి రెండూ సమానంగా ఉండాలి. కంట్రోలర్ 1500 అని ఉంటే సగానికి దిగిపోయిందన్నమాట, బయోస్‌లో 1:1 చేయి. ఏఎం4లోలా ఎఫ్‌క్లాక్ కూడా మెమరీతో సమానం కావాలని ఇక్కడ పట్టుబట్టక్కర్లేదు.

ఎస్ఓసీ వోల్టేజీ (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానిది) కూడా చూడు. ఎక్స్‌పో ఆన్ చేయగానే కొన్ని బోర్డులు దాన్ని అవసరానికి మించి ఎక్కిస్తాయి. 2023లో కొన్ని ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాక ఏఎండీ బయోస్‌ల ద్వారా 1.30కి హద్దు గీసింది. 6000కి చాలాసార్లు 1.20 చుట్టూనే సరిపోతుంది. నీ బయోస్ అంతకన్నా పాతదైతే ముందు అప్‌డేట్ చెయ్యి, తర్వాతే ఎక్స్‌పో.

పాతకాపు_8600కే | శనివారం, ఉదయం 11:26

బయోస్ కొత్తదే. ఆన్ చేసి, స్క్రీన్ నల్లబడగానే కుర్చీలోంచి లేచి వేరే గదిలోకి పోయాను, చెయ్యి ఊరుకోదని. ఏడు నిమిషాల తర్వాత వచ్చి చూస్తే డెస్క్‌టాప్ మీద కూర్చునుంది. 3000, 3000, 2000. ఎస్ఓసీ 1.25 చూపించింది, 1.20కి దించాను. మెమరీ పరీక్ష నాలుగు గంటలు, తప్పుల్లేవు. కర్వ్ అంకెలు కాగితం చూసి తిరిగి కొట్టాను, ఈసారి సున్నా నుంచి లెక్కపెట్టి.

వోల్టేజీ_వీరుడు | శనివారం, ఉదయం 11:41

బ్రో, నాది కూడా కోర్‌సైక్లర్‌లో పెట్టా. కోర్ 0 నాలుగు నిమిషాలకే పడింది. మైనస్ 30 నో క్రాష్ అని రాసిన ఆ పోస్టు ఎవరైనా తీసేయగలరా?

బయోస్_బాబాయ్ | శనివారం, మధ్యాహ్నం 12:15

ఉండనీ. రేపు ఎవడో వెతుక్కుంటూ వచ్చినవాడు కింద మాస్టారి ప్రశ్న కూడా చదువుతాడు.

పాతకాపూ, ఆ ర్యామ్ టైమింగ్‌లు ఆటోలోనే ఉన్నాయా? ముప్ఫై ఏళ్లలో మారకుండా మిగిలిన పాత పని అదొక్కటే, అంకె మార్చు, బూట్ చెయ్యి, పడిందా లేదా చూడు. కొత్త థ్రెడ్ తెరువు, నేనూ వస్తాను.

పాతకాపు_8600కే | శనివారం, మధ్యాహ్నం 12:20

ఒక వారం ఆగు బాబాయ్. అక్క వారం మామూలుగా వాడమంది.